పిల్లలతో కొండెక్కేవాళ్లకు ఎత్తు కాదు, దిగే దారి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవులు దగ్గర పడగానే బెంగళూరు ఎడిషన్లలో 'ఒక్క రోజులో వెళ్లొచ్చే కొండలు' అంటూ జాబితాలు మొదలవుతాయి. మీ పత్రికలో వచ్చినదీ చదివాం. కొండ ఎత్తెంత, మెజెస్టిక్ బస్టాండు నుంచి ఎన్ని కిలోమీటర్లు, సూర్యోదయం ఎక్కడి నుంచి బాగా కనిపిస్తుంది, దారిలో తట్టె ఇడ్లీ ఎక్కడ దొరుకుతుంది, అన్నీ రాశారు. నాలుగేళ్ల పిల్ల ఆ కొండెక్కాక మళ్లీ తన కాళ్ల మీద తాను దిగి రాగలదా అన్నది మాత్రం ఎక్కడా లేదు. 'కుటుంబంతో సులువుగా' అన్న శీర్షిక కింద సావనదుర్గనూ దేవరాయనదుర్గనూ పక్కపక్కనే వేశారు. పేరు చివర దుర్గ అన్న మాట తప్పితే ఆ రెండింటికీ పోలికే లేదు.

మాగడి దగ్గరి సావనదుర్గ ఎత్తు 1,226 మీటర్లు. నంది కొండ 1,478. అంకెలు చూసినవాళ్లు సావనదుర్గే తేలికనుకుంటారు. కానీ నంది మీదికి కారు వెళ్తుంది, కింది నుంచి మెట్లూ ఉన్నాయి. సావనదుర్గ మీదికి పోయే దారిలో ఎక్కువ భాగం నున్నటి గ్రానైట్ బండే. పట్టుకోవడానికి కొమ్మ ఉండదు, కమ్మీ ఉండదు. ఎక్కేటప్పుడు పిల్లలు ముందుకు వంగి, చేతులు ఆనించి, నవ్వుకుంటూ పాకుతారు. దిగేటప్పుడు ఎదురుగా లోయంతా కనిపిస్తుంది. సగం మంది పిల్లలు అక్కడే బండ మీద కూలబడి ఇక కదలబోమని ఏడుస్తారు. అప్పుడు పెద్దవాళ్లు ఎత్తుకుంటారు. బిడ్డను ముందు ఎత్తుకున్న మనిషికి తన పాదం ఎక్కడ పడుతోందో కనిపించదు. ప్రమాదం జరిగేది అక్కడే. చిన్నపిల్లలకు ఒక కొండ పనికొస్తుందా లేదా అన్నది దాని ఎత్తును బట్టి కాక, దిగే దారిని బట్టీ, ఎక్కడికక్కడ వెనక్కి తిరగ్గలమా అన్నదాన్ని బట్టీ తేల్చాలి. మధుగిరి ఏకశిల, స్కందగిరి చీకటి ట్రెక్కు, రైలు పట్టాల పక్క నుంచి పోయే మాకళిదుర్గ కూడా ఈ లెక్కన పిల్లల జాబితాలోకి రావు.

బెంగళూరు చుట్టూ ఉన్న కొండలు చాలావరకు ఇలాంటి బండలే కాబట్టి బండను చదవడం ముందు తెలియాలి. బండ మీద పైనుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తాయి. అవి వాన నీళ్లు జారే దారులు. అక్కడ నాచు పెరిగి, ఎండకు మాడి నల్లబడుతుంది. ఎండినప్పుడు ఏమీ అనిపించదు, నాలుగు చినుకులు పడితే చాలు, సబ్బు రాసినట్టు ఉంటుంది. ఉదయం పూట మంచు కురిసినా అంతే. పిల్లల్ని ఆ చారలు దాటించాల్సి వస్తే ఒక్కొక్కరిని, చారకు అడ్డంగా, అతి తక్కువ వెడల్పున్న చోట దాటించాలి. చార వెంబడి నడవకూడదు. రెండోది, బండ పైపొరలు పెచ్చులుగా ఊడి, నలిగి, సన్నటి ఇసుకలా పేరుకునే చోట్లు. అడుగు కింద ఆ గింజలు దొర్లుతాయి, ఎంత మంచి బూటైనా పట్టు దొరకదు. బండ బూడిద రంగులో గరుకుగా, చేత్తో రాస్తే అరచేతికి గీసుకునేలా ఉందంటే అది మంచి చోటు. మూడోది దొనలు. బండల్లో నీళ్లు నిలిచిన గుంటల అంచులు లోపలికి వాలి జారుడుగా ఉంటాయి, పచ్చటి నీళ్లలో లోతు తెలియదు. పిల్లలు చేతులు కడుక్కోవడానికని ముందు పరిగెత్తేది వాటి దగ్గరికే. అక్కడ పెద్దవాళ్లు దొనకూ పిల్లకూ మధ్య నిలబడాలి.

మెట్లుంటే ఇక భయం లేదనుకోవడమూ పొరపాటే. కొండ మెట్లు ఇంటి మెట్లలా ఒకే కొలతలో ఉండవు. ఒకటి అరజానెడు, పక్కది జానెడున్నర. నాలుగేళ్ల పిల్లకు జానెడు మెట్టంటే దాదాపు మోకాలి ఎత్తు. మన మోకాలి ఎత్తున్న మెట్లు వంద ఎక్కి చూస్తే పిల్లలు ఎందుకు సతాయిస్తారో అర్థమవుతుంది. పాపం, వాళ్లది బద్ధకం కాదు. ఇక్కడే తల్లిదండ్రులు చేసే ఒక పని గురించి గట్టిగా చెప్పాలి. పిల్ల మెట్టు మీద ఆగిపోగానే మణికట్టు పట్టుకుని పైకి లాగుతారు. ఐదేళ్లలోపు పిల్లల్లో మోచేతి దగ్గరి ఎముకను పట్టి ఉంచే బంధం ఇంకా వదులుగా ఉంటుంది. అలా లాగితే ఎముక తల చోటు తప్పుతుంది. వాపు పెద్దగా కనిపించదు. పిల్ల ఏడ్చి ఏడ్చి ఊరుకుని, ఆ చేతిని ఒంటికి ఆనించుకుని, బిస్కెట్ ఇచ్చినా ఆ చేత్తో అందుకోదు. అదే గుర్తు. మనం తిప్పి సరిచేయబోకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే చాలాసార్లు నిమిషాల్లో సర్దేస్తారు. అసలు ఆ పరిస్థితే రాకుండా ఉండాలంటే మనం చేయి పట్టుకోకుండా మన చూపుడు వేలు పిల్లకు అందించాలి. పట్టుకునేదీ వదిలేదీ తనే అవుతుంది.

ఎక్కేటప్పుడు పెద్దవాళ్లు పిల్ల వెనక ఉండాలి, దిగేటప్పుడు పిల్లకు ఒకటి రెండు మెట్లు కింద ఉండాలి. ఎప్పుడూ పల్లం వైపే. చాలామంది దిగేటప్పుడు వెనక నుంచి చొక్కా పట్టుకుని నడిపిస్తారు. పిల్ల జారితే ఆ లాగుడుకు ఇద్దరూ పడతారు. భుజాల మీద కూర్చోబెట్టుకోవడం ఫొటోకు బాగుంటుంది గానీ కొండ మీద వద్దు. బరువంతా తల మీదికి పోయి మనిషి తూలుతాడు, కొమ్మ తగిలితే పిల్ల మన కళ్లు మూస్తుంది.

సమయం లెక్క కూడా జాబితాల్లో తప్పే వస్తోంది. 'గంటలో ఎక్కేయొచ్చు' అని రాసేది పాతికేళ్ల కుర్రాళ్ల లెక్క. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం ఇప్పటికీ ట్రెక్కర్లు వాడతారు: 5 కిలోమీటర్ల నడకకు గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. ఒకటిన్నర కిలోమీటరు దూరం, 200 మీటర్ల ఎత్తు ఉన్న దారికి పెద్దవాళ్లకు 38 నిమిషాలు పడుతుంది. ఐదారేళ్ల పిల్లలుంటే రెట్టింపు చేసుకోవాలి, అంటే గంటంబావు. దిగడానికి పెద్దవాళ్లకు తక్కువ పడుతుంది గానీ పిల్లలకు అంతే సమయం పడుతుంది, ఒక్కోసారి ఎక్కువే. మధ్యలో ఆగడాలు, పైన గుడి, తిండి కలిపి ఒక గంట. మొత్తం మూడున్నర గంటలు. ఉదయం ఆరున్నరకు మొదటి మెట్టు మీద ఉంటే పదికి కారు దగ్గరుంటారు. తొమ్మిదింటికి తీరిగ్గా బయల్దేరితే సరిగ్గా ఎండ మాడ్చే వేళకు నీడ లేని బండ మీద పిల్లలతో దిగుతూ ఉంటారు. సూర్యోదయం కోసం పిల్లల్ని రాత్రి రెండింటికి నిద్రలేపి నంది దారిలో కార్ల వరసలో కూర్చోబెట్టడం మాత్రం ఎవరి కోసమో మాకు తెలియదు.

ఇక కొండల సంగతి. మొదటి కొండ బెంగళూరు నడిబొడ్డునే ఉంది, లాల్‌బాగ్ బండ. దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి శిల, భూవిజ్ఞాన సర్వే సంస్థ దాన్ని జాతీయ స్మారకంగా గుర్తించి బోర్డు పెట్టింది. పైన కెంపేగౌడ గోపురం ఉంటుంది. రెండు మూడేళ్ల పిల్లలకు వాలు బండ మీద ఎలా నడవాలో నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. పాదం అంతా ఆనించి, అడుగులు చిన్నవి వేసి, దిగేటప్పుడు మోకాళ్లు కాస్త వంచాలి. గునగునా నడిచే పిల్లలు కూడా రెండు మూడు ఆదివారాల్లో పట్టు తెచ్చుకుంటారు. అక్కడ భయపడే పిల్లను ఊరు దాటించి పెద్ద కొండకు తీసుకెళ్లొద్దు, ఇంకో ఆర్నెల్లు ఆగొచ్చు.

ఆ తర్వాత దేవరాయనదుర్గ. తుమకూరు వైపు 70 కిలోమీటర్లు. కింద భోగ నరసింహుడు, పైన యోగ నరసింహుడు. పై గుడికి దగ్గర దాకా రోడ్డుంది, అక్కడి నుంచి మెట్లు. చెట్ల నీడ ఉంటుంది, మిగతా బండ కొండల మీద దొరకనిది అదే. పిల్ల ఎక్కనని మొరాయిస్తే కారు ఎంతో దూరంలో ఉండదు. నామద చిలుమె కూడా దగ్గరే. నామం పెట్టుకోవడానికి నీళ్ల కోసం రాముడు బాణం వేస్తే పుట్టిన ఊట అని చెప్పుకుంటారు. కొండ దిగాక పిల్లల్ని అక్కడ కాసేపు ఊరికే వదిలేయొచ్చు.

కోలారు అంతరగంగె గుడి దాకా అయితే నాలుగేళ్లు దాటిన పిల్లలు హాయిగా ఎక్కుతారు. ఊరికి ఆనుకునే ఉన్న కొండ, గుడి దాకా మెట్లున్నాయి. కాశీ విశ్వేశ్వరుడి గుడి పక్క బసవన్న నోట్లోంచి నీళ్లు పడుతూ ఉంటాయి. పైగా కోలారులో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది, దారి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. పత్రికలు మాత్రం గుడి వెనక బండల మధ్య ఉన్న గుహల ఫొటోలే వేస్తాయి. అక్కడ ఒంటిని పక్కకు తిప్పి సందుల్లోంచి దూరాలి, పిల్ల ముందూ పెద్దవాళ్లు వెనకా అయితే అవతల ఏముందో తెలియకుండా పిల్లను పంపినట్టే. ఎనిమిదేళ్లలోపు వాళ్లతో గుడి దగ్గరే వెనక్కి తిరగాలి.

రామనగర రామదేవర బెట్టకు మైసూరు రోడ్డు మీద 50 కిలోమీటర్లు. సుమారు 400 మెట్లు. ఇది దేశంలో మొదటి రాబందుల అభయారణ్యం, 2012లో ప్రకటించారు. పిల్లలకు బైనాక్యులర్ ఒకటి ఇస్తే సగం అలసట అక్కడే పోతుంది. అయితే ఇక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి, కాబట్టి గేటు తెరవకముందే దూరడం, చీకటి పడ్డాక ఉండడం పనికిరాదు. గేటు వేళలు ముందే కనుక్కోవాలి. రాబందులున్న చోట పిల్లల్ని కేకలు వేయనివ్వొద్దని వేరే చెప్పక్కర్లేదు.

డాబస్‌పేట దగ్గరి శివగంగె ఏడేళ్లు దాటిన పిల్లలకు. అదీ ఒళకల్ తీర్థం దాకానే. బండలో ఉన్న గుంటలో చెయ్యి పెట్టి నీళ్లందాయా లేదా అని చూసుకునే చోటు అది, పిల్లలకు మహా సరదా. ఆపైన నంది విగ్రహం దాకా దారి నిటారుగా మారిపోతుంది, బండలో చెక్కిన మెట్లు కాలి ముందు భాగం మాత్రమే పట్టేంత ఉంటాయి, కమ్మీ పెద్దవాళ్ల చేతికి అందే ఎత్తులో ఉంటుంది. కింద చిన్నవాడు దాన్ని ఎలా పట్టుకుంటాడు?

హైదరాబాద్ హైవే మీద అనంతపురం, కర్నూలు వైపు వెళ్లే కుటుంబాలకు గుడిబండె కోట మంచి మజిలీ. పేరేసంద్ర దగ్గర లోపలికి తిరగాలి. చిన్న కొండ, అంచెలంచెలుగా కోట గుమ్మాలు. ఏ గుమ్మం దగ్గరైనా 'ఇక్కడిదాకా చాలు' అని వెనక్కి తిరగొచ్చు, పిల్లకు ఓడిపోయినట్టు ఉండదు. పైనుంచి భైరసాగర చెరువు మొత్తం కనిపిస్తుంది. ఒకటే లోపం, నీడ లేదు.

నందికి వెళ్లకూడదని అనడం లేదు. శని, ఆదివారాలు వదిలేసి, మామూలు రోజు వెళ్తే కొండ మీద చదును దారులే ఎక్కువ, పిల్లలు తిరగడానికి బాగుంటుంది. సుల్తాన్‌పేట వైపు నుంచి సుమారు 1,175 మెట్లున్నాయి, అది పదేళ్లు దాటిన పిల్లలకు. ఒకరు కారు పైకి తెచ్చి, మిగిలినవాళ్లు మెట్లెక్కి, అందరూ కారులో దిగితే మోకాళ్లకు దిగుడు తప్పుతుంది. నెల్లూరు మీదుగా పోయి సముద్రంలో కలిసే పెన్న ఈ నంది కొండల వరసలోనే పుడుతుందని పిల్లలకు చెప్తే, నెల్లూరు తాతయ్య ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్తారు. చలి సంగతి కూడా ఒక మాట. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి నంది పైన బెంగళూరు కంటే మూడున్నర డిగ్రీలు తక్కువ, గాలి దానికి అదనం. డిసెంబరు ఉదయాల్లో పిల్లలకు చెవులు కప్పే టోపీ ఉండాలి.

నడవలేని చంటిపిల్లలకు క్యారియర్ వాడేవాళ్లు ఎక్కువయ్యారు, మంచిదే. మెడ నిలిపి, ఆసరా లేకుండా కూర్చునే వయసు, అంటే ఆరు నెలలు దాటాకే వాడాలి. కొండ మీద వీపు వైపే మోయాలి. బిడ్డ తొడలు పూర్తిగా గుడ్డ మీద ఆని, మోకాళ్లు పిరుదుల కంటే కాస్త పైకి ఉండాలి. కాళ్లు తిన్నగా వేలాడుతుంటే క్యారియర్ సరైనది కాదు. నడుము బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద బిగించాలి, లేకపోతే పావుగంటలో భుజాలు లాగేస్తాయి. చాలామందికి తట్టనిదొకటుంది. మోసేవాళ్లకు చెమటలు కారుతుంటాయి, బిడ్డ మాత్రం కదలకుండా కూర్చుని ఉంటుంది, చల్లగాలికి కాళ్లు గడ్డకడతాయి. అరగంటకోసారి పాదాలూ మెడ వెనకా చేత్తో చూడాలి. ఎండలో ఇది తిరగబడుతుంది. మన వీపు వేడి, గుడ్డ వేడి కలిసి బిడ్డ ఉడికిపోతుంది. మార్చి నుంచి మే దాకా చంటిపిల్లలతో బండ కొండలు మానేయడమే నయం.

చెప్పుల విషయంలో డబ్బు పెట్టాల్సిన పని లేదు. పాత స్కూలు స్పోర్ట్స్ షూ చాలు, అడుగు రబ్బరుదై, గోటితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి. లైట్లు వెలిగే బూట్ల అడుగు చాలావరకు గట్టి ప్లాస్టిక్, బండ మీద జారుతుంది. క్రాక్స్ దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్లు బయటికొస్తాయి. కొత్త బూట్లు కొండకే మొదటిసారి వేయించొద్దు. ముందు రోజు రాత్రి కాలిగోళ్లు కత్తిరించాలి. దిగేటప్పుడు వేళ్లు బూటు ముక్కుకు గుద్దుకుంటూనే ఉంటాయి, గోరు పెద్దదైతే కిందికి వచ్చేసరికి నల్లబడుతుంది. లేసులు దిగే ముందు మళ్లీ విప్పి, మడమను వెనక్కి నెట్టి, చీలమండ దగ్గర గట్టిగా కట్టాలి.

నీళ్లు పిల్లకు లీటరు, పెద్దవాళ్లకు లీటరున్నర లెక్కన మోయాలి. పిల్లలు దాహమని చెప్పేదాకా ఆగకుండా పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగించాలి. ఎండాకాలం ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ ఒకటి ఉంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసు నీళ్లలో సగం ప్యాకెట్ వేస్తే ఉప్పు ఎక్కువై ఉన్న నీళ్లనూ లాగేస్తుంది. ఓఆర్ఎస్ అన్న పేరుతో డబ్బాల్లో వచ్చిన తియ్యటి పానీయాలు వేరు, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ వాటి మీద ఆ పేరు వాడకూడదని చెప్పింది. తిండికి పులిహోర, చపాతీ చుట్టలు, ఖర్జూరాలు బాగా నిలుస్తాయి. వేరుశనగ గింజలు, బఠాణీలు నడుస్తూ నమలడానికి ఇవ్వొద్దు. ఐదేళ్లలోపు పిల్లలకు గొంతులో ఇరుక్కుంటే కొండ మీదికి వైద్యసాయం త్వరగా అందదు. ఏది తిన్నా కూర్చునే తినాలి.

తిండి దగ్గరే కోతుల బెడద. శివగంగె, నంది, అంతరగంగె మూడు చోట్లా కోతులు చేతిలో ప్లాస్టిక్ కవరు చూస్తే తిండి అనే అనుకుంటాయి, లోపల డైపర్లున్నా సరే. కవర్లేవీ చేతిలో ఉండకూడదు, అన్నీ జిప్పున్న బ్యాగులో ఉండాలి. కోతి దగ్గరికొస్తే పిల్లలు నవ్వుతూ పళ్లు చూపిస్తారు, అది దానికి బెదిరింపులా కనిపిస్తుంది. కళ్లలోకి చూడకుండా, పిల్లను మన వెనక్కి తీసుకుని, మెల్లగా పక్కకు జరగాలి. చేతిలోది లాక్కుంటే వదిలేయాలి. కరిచినా, గీరినా సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ఆస్పత్రిలో రేబిస్ టీకా వేయించాలి. పెద్ద తేనెటీగలు బండల చరియలకు పట్టు పెడతాయి. తలెత్తి నల్లటి అర్ధచంద్రాకారం కనిపిస్తే ఆ కింద ఆగొద్దు, రాయి విసరనివ్వొద్దు, సెంటు రాసుకోవద్దు. లేచాయంటే పిల్ల మొహాన్ని గుడ్డతో కప్పి, ఎత్తుకుని దూరంగా పోవాలి. కుట్టిన ముల్లు ఎంత త్వరగా తీసేస్తే అంత మంచిది. రాళ్ల సందుల్లో చేతులు పెట్టనివ్వొద్దు, పాములుంటాయి. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం లాంటివేవీ చేయకుండా ఆ కాలో చెయ్యో కదలనివ్వకుండా 108కు ఫోన్ చేసి ఆస్పత్రికి చేర్చాలి.

ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరు చుట్టుపక్కల మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి పిడుగుల వానలు వస్తాయి. మెరుపు కనిపించాక ముప్పై లెక్కపెట్టేలోగా ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బండ మీదికి రావొద్దు. ఒంటరి చెట్టు కిందా, మంటపం కిందా నిలబడడం కంటే కారులో కూర్చోవడం మేలు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన 'దామిని' యాప్ ఫోన్లో పెట్టుకుంటే దగ్గర్లో పిడుగులుంటే చెప్తుంది, అయితే కొండ మీద సిగ్నల్ లేకపోతే అదీ మూగే. అందుకే చూడాల్సింది బయల్దేరే ముందు, కింద సిగ్నల్ ఉండగానే.

పిల్లలు తప్పిపోవడం అడవుల్లోనే కాదు, జనం ఉన్న మెట్ల మీద కూడా జరుగుతుంది. ముందు ఒక పెద్ద, చివర ఒక పెద్ద, ఈ ఇద్దరి మధ్యే పిల్లలు. దారి చీలిన ప్రతిచోటా అందరూ చేరేదాకా ఆగాలి. నారింజ రంగో పసుపో వేయించాలి, ఆకుపచ్చ, గోధుమ రంగులు బండల్లో కలిసిపోతాయి. మెడలో ఈల కట్టి, 'కనిపించకపోతే ఎక్కడున్నావో అక్కడే కూర్చో, మూడుసార్లు ఈల ఊదు' అని ముందే నేర్పాలి. చేతి మీద మన ఫోన్ నంబరు పెన్నుతో రాయాలి. అటవీ శాఖ కిందున్న దారుల్లో కొన్నింటికి ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. 2024 జనవరిలో పశ్చిమ కనుమల్లోని కుమార పర్వతం మీద వీకెండ్ రద్దీ అదుపు తప్పాక నిబంధనలు గట్టిపడ్డాయి. బుకింగ్ లేకుండా పిల్లలతో గేటు దాకా పోయి వెనక్కి రావడం ఎందుకు?

మా మనవి ఇది. ఇకపై కొండల జాబితా వేసేటప్పుడు ప్రతి కొండ కింద నాలుగు వాక్యాలు చేర్చండి. కాలి కింద ఏముంది: మెట్లా, మట్టి దారా, వాలు బండా? కమ్మీ ఉంటే పిల్లల చేతికి అందుతుందా? పిల్లలతో వెనక్కి తిరగాల్సిన చోటు ఏది? నీడ, తాగునీరు, మరుగుదొడ్డి చివరిసారి ఎక్కడ దొరుకుతాయి? రాసేవాళ్లు ఆ కొండ ఎక్కి కాకుండా దిగుతూ నోట్ చేసుకుంటే ఈ నాలుగూ తెలిసిపోతాయి. కొండల కింద అటవీ శాఖ, పర్యాటక శాఖ బోర్డుల మీద కూడా ఎత్తు, ప్రవేశ రుసుము ఉన్నట్టే ఈ వివరాలుండాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల కొండల దగ్గర కన్నడంతో పాటు తెలుగులోనూ ఉంటే సరిహద్దు అవతల నుంచి వచ్చేవాళ్లకు ఉపయోగం.

అన్నిటికంటే ముందు, ఆన్‌లైన్‌లో ఇంకా ఉన్న మీ జాబితాలో 'కుటుంబంతో సులువుగా' నుంచి సావనదుర్గను తీసేసి, కింద వీరభద్రస్వామి, నరసింహస్వామి గుళ్ల దాకా అని మార్చండి. సెలవులు ఇంకా ఉన్నాయి, అది చూసి బయల్దేరేవాళ్లూ ఉన్నారు.

ఇట్లు,
చిన్నపిల్లలతో కొండలు తిరిగే కొన్ని తెలుగు కుటుంబాల తరఫున,
ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు